కల్లం చాలని యంత్రం

'మెమరీ' అన్న మాట మా పల్లెల్లో ఇప్పుడు అందరి నోటా ఉంది. ఫోనులో పెళ్ళి ఫోటోలు పట్టకపోతే 'మెమరీ నిండింది' అంటారు. కంప్యూటరు మొరాయిస్తే 'మెమరీ చాలడం లేదు' అంటారు. మాట ఒక్కటే గాని వస్తువులు రెండు. మొదటిది దాచుకునే చోటు. రెండవది పని సాగుతున్నంతసేపు ఎదుట పరచుకునే చోటు. ఈ భేదం మనకు కొత్తది కాదు. అవధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుండగా, మధ్యలో అప్రస్తుత ప్రసంగీకుడు అడ్డు తగులుతుండగా, అన్నిటినీ చివరిదాకా మనసులో నిలిపి ఉంచుకోవడం ధారణ. అవధానిగారి ఇంట్లో బీరువా నిండా ఉన్న గ్రంథాలు భాండాగారం. బీరువా ఎంత పెద్దదయినా ధారణ చాలకపోతే సభలో అవధానం నడవదు గదా!

కంప్యూటరులో ర్యామ్ అనేది ధారణ. హార్డ్ డిస్కు బీరువా. ఇంత చిన్న సంగతిని విడమరచి చెప్పడానికి కారణం ఉంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ముగిసింది. కావలసినవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా నవీకరణల పొడిగింపు ఏర్పాటు చేశారు గాని, ఆ సంగతి మా వైపు చాలామందికి చేరలేదు. విండోస్ 11కు పాత యంత్రాలలో అధికభాగం అర్హం కావు. దానికి 4 జీబీ ర్యామ్ ఒక్కటీ ఉంటే చాలదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసరు ఫలానా తరానిదై ఉండాలి. అందుచేత ఆ దసరా, దీపావళి రోజుల్లో బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా పాత ఇనుపసామాను బండ్లెక్కడం నా కళ్ళతో చూశాను. నాది కూడా ఎక్కవలసిందే. ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో చెప్పడమే ఈ వ్యాసం.

మాది చిలకలూరిపేటకూ మార్టూరుకూ నడుమ నల్లరేగడి నేలల్లో ఒక ఊరు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. ఉద్యోగంలో ఉండగానే సెలవు రోజుల్లో చేలగట్ల వెంట తిరిగి, ఈ రెండు పైర్లకు సంబంధించిన మాటలు పోగుచేయడం నాకు అలవాటయింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఒంగోలులో పుట్టినవారు. వారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. అది చూసిన తెలుగు పండితుడెవడయినా తన ఊరి మాటలు అందులో ఉన్నాయో లేదోనని వెతుక్కోకుండా ఉండలేడు. పైగా ఆ సంపుటం వచ్చిన తర్వాత సంకర విత్తనాలు వచ్చాయి, బీటీ పత్తి వచ్చింది (మన దేశంలో 2002లో అనుమతించారు), కోల్డ్ స్టోరేజీలు వచ్చాయి. వాటి వెంట కొత్త మాటలు వచ్చాయి, పాతవి కొన్ని పోయాయి. కాబట్టి నా పోగు కూడా పెరుగుతూ వచ్చింది. అంతా యూనికోడులోనే, వెతుక్కునే వీలుండాలన్నదే నా మొదటి షరతు.

దీనికోసం 2011లో ఒక మేజాబల్ల కంప్యూటరు కొన్నాను. విండోస్ 7, 4 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే హార్డ్ డిస్కు. 2020 జనవరి 14న విండోస్ 7కు మద్దతు ముగియడంతో విండోస్ 10కు మార్పించాను. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? మార్చకముందూ మార్చిన తర్వాతా గోడగడియారం చూసి ఒక నోటుబుక్కులో కాలాలు రాసిపెట్టాను. మీట నొక్కిన దగ్గరనుంచి పదాల దస్త్రం తెరుచుకునేదాకా ముందు 1 నిమిషం 50 సెకన్లు. తర్వాత 7 నిమిషాల 10 సెకన్లు. ఏమీ తెరవకుండా ఊరకే కూర్చున్నప్పుడు వాడుతున్న ర్యామ్ ముందు ఇంచుమించు 1 జీబీ, తర్వాత 1.9 జీబీ. విహారిణి తెరిచి, నాలుగు పుటలు చూస్తూ పదాల దస్త్రానికి మారితే ముందు రెప్పపాటు. తర్వాత ఒక్కొక్కసారి నిమిషం, నిమిషంన్నర. ఆ నిమిషంన్నరలో పెట్టెలోంచి కిరకిరమని చప్పుడు.

చప్పుడే ఇందులో కీలకం. దాని సంగతికి వస్తాను.

కొత్త వ్యవస్థ ఎక్కువ చోటు ఎందుకు తీసుకుంటుంది? బద్ధకంగా రాశారు గనక అని ఒకమాటలో తేల్చేసేవారున్నారు. 1995లో నిక్లాస్ వర్త్ అనే పెద్దమనిషి, పాస్కల్ భాషను సృష్టించినవాడు, సాఫ్టువేరు బొజ్జ పెరుగుతున్నదని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. యంత్రం వేగం పెరిగేదానికన్నా సాఫ్టువేరు మందగించడం ఎక్కువ వేగంగా జరుగుతోందన్నది దాని సారం. ఆయన వ్యాసం వచ్చిన ఏడే వెలువడిన విండోస్ 95 కనీసం 4 ఎంబీ ర్యామ్ అడిగింది. 2001లో ఎక్స్‌పీ 64 ఎంబీ. 2007లో విస్టా 512 ఎంబీ. 2009లో విండోస్ 7 వచ్చేసరికి 1 జీబీ, 64 బిట్ల దానికయితే 2. తర్వాత ఆరేళ్ళు పెరుగుదల ఆగింది. 2015 నాటి విండోస్ 10 కూడా కాగితం మీద అంతే అడిగింది. 2021లో విండోస్ 11 మాత్రం 4 జీబీ అంది. 4 ఎంబీ నుంచి 4 జీబీకి: ఇరవై ఆరేళ్ళలో 1,024 రెట్లు. వర్త్‌గారు 2024 జనవరి 1న కాలం చేశారు. ఆయన మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అయినా నాకు ఆ తీర్పు సగమే న్యాయమనిపిస్తుంది. మా పక్కచేను రైతు ఒకాయన దీన్ని విని, "విత్తనం మారిస్తే ఎరువు మారదా మాస్టారూ? పాత సన్నాలకు వేసినట్టు వేస్తే తేజా కాస్తదా?" అన్నాడు. కొత్త వ్యవస్థలో పురుగు మందు కొట్టే మనిషి (వైరస్ కాపలాదారు) ఇరవై నాలుగు గంటలూ చేలోనే ఉంటాడు. నవీకరణలు తెచ్చేవాడు ఒకడు, దస్త్రాలన్నిటికీ అకారాది సూచిక తయారుచేసేవాడు ఒకడు. అందరూ పనివాళ్ళే, అందరికీ కూర్చునే చోటు కావాలి. అడిగే చోటులో కొంత దుబారా, కొంత అవసరం. ఎంత పాలు ఏదన్నది మనబోటివాళ్ళం తేల్చలేం.

ఇక చప్పుడు సంగతి.

మా వైపు జనవరి నుంచి మిరప కోతలు. కోసిన కాయను కల్లంలో పరుస్తారు, తేమ పోయేదాకా ఎండనిస్తారు, తాలు ఏరుతారు, గోతాలకెత్తుతారు. ఆ గోతాన్నే టిక్కీ అంటాం. ధర నచ్చితే గుంటూరు యార్డుకు, నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీకి. ఇప్పుడు ఊహించండి: కల్లం చిన్నది, పంట పెద్దది. పరచడానికి చోటు లేక, సగం ఎండిన కాయను గోతాలకెత్తి లారీ మీద గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పంపి, ఆ ఖాళీలో కొత్త కాయ పరచి, రేపు మళ్ళీ ఇది ఎత్తి అది తెప్పించి ఎండబెట్టే రైతు ఎవడయినా ఉంటాడా? ఉంటే వాడి రోజంతా లారీ బాడుగకే సరిపోతుంది, కాయ ఎండదు. కంప్యూటరు సరిగ్గా ఈ పనే చేస్తుంది. ర్యామ్‌లో చోటు చాలనప్పుడు, అప్పటికి అక్కరలేదనుకున్న దాన్ని హార్డ్ డిస్కు మీదికి ఎత్తి, కావలసినదాన్ని దించుకుంటుంది. ఉన్నదానికన్నా పెద్ద ధారణ ఉన్నట్టు భ్రమింపజేసే ఈ ఉపాయం 1962లో మాంచెస్టరులో అట్లాస్ అనే యంత్రంలో మొదలయింది. గొప్ప ఉపాయమే, మితంగా వాడితే. మితం తప్పితే ఏమవుతుందో 1968లో పీటర్ డెనింగ్ సూత్రీకరించాడు: ప్రతి పనికీ ఏ క్షణానికి ఆ క్షణం తప్పనిసరిగా ఎదుట ఉండవలసిన సామగ్రి కొంత ఉంటుంది, ఆ కొంతకు చోటుంటే పని హాయిగా సాగుతుంది, ఆ కొంతకు కూడా చోటు లేకపోతే యంత్రం పని మానేసి సామాన్లు మోయడంలో పడిపోతుంది. మందగించడం మెల్లగా, మెట్టుమెట్టుగా రాదు. గట్టు తెగినట్టు ఒక్కసారిగా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న యంత్రం కొత్త వ్యవస్థ వేయగానే చతికిలపడడంలోని మర్మం ఇదే. వ్యవస్థ తీసుకున్నది ఇంకొక్క జీబీయే. కాని ఆ ఒక్క జీబీతో గట్టు దాటింది.

లారీ ప్రయాణం ఎంత దూరమో లెక్క చూద్దాం. ర్యామ్‌లో ఉన్నదాన్ని అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు. తిరిగే డిస్కు మీద ఒక మూలనున్నదాన్ని అందుకోవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. రెంటికీ తేడా లక్ష రెట్లు. కల్లంలోంచి చేట అందుకోవడానికి ఒక్క సెకను పడుతుందనుకుంటే, డిస్కు నుంచి తెప్పించడానికి లక్ష సెకన్లు, అంటే ఒక పగలూ రాత్రీ గడిచి ఇంకో నాలుగు గంటలు. ఎస్సెస్డీ అనే కదలని డిస్కులు వచ్చాయి. వాటితో అదే పని ఇదే కొలతలో పదిహేడు నిమిషాలు. నా పెట్టెలోని కిరకిర, డిస్కు ముల్లు ఆ మూలకూ ఈ మూలకూ పరుగెత్తే చప్పుడు. లారీ గేర్లు మార్చే చప్పుడన్నమాట.

ఇక్కడ ఒక దురభిప్రాయం తీసివేయాలి. కల్లం నిండి ఉండడం తప్పు కాదు. ఫిబ్రవరిలో కల్లం ఖాళీగా ఉన్న రైతును చూసి అదృష్టవంతుడని ఎవరూ అనరు. ర్యామ్ 70 శాతం నిండిందని టాస్క్ మేనేజరులో చూసి కంగారుపడి, ఖాళీ చేయిస్తామనే ఉచిత పరికరాలను దించుకునేవారు చాలామంది. విస్టా కాలం నుంచి విండోసు, అంతకుముందునుంచే లినక్సూ, ఖాళీగా ఉన్న ర్యామ్‌లో మీకు కావలసివస్తుందనుకున్న దస్త్రాలను ముందుగానే తెచ్చి పెట్టుకుంటాయి. పక్కింటివాళ్ళు మన కల్లం అంచున వడియాలు ఎండబెట్టుకున్నట్టు. మనకు చోటు కావాలంటే చేటతో ఎత్తుకుపోతారు, తగవు లేదు. విండోస్ 10లో ఇంకొక ఏర్పాటు ఉంది. చోటు ఇరుకవుతుంటే, లారీకెక్కించే ముందు, అక్కరలేని సరుకును అక్కడికక్కడే అదిమి చిన్నది చేస్తుంది. గోతంలోకి దిగి కాయను తొక్కే పనివాణ్ణి చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. తొక్కడానికి కూలి అవుతుంది. ఆ కూలి ప్రాసెసరు చెల్లిస్తుంది. కాబట్టి చూడవలసింది నిండిందా అని కాదు, లారీలు తిరుగుతున్నాయా అని. అదే పలకలో డిస్కు వంద శాతం చూపిస్తూ నిమిషాల తరబడి అక్కడే నిలిచిపోతే తిరుగుతున్నాయని అర్థం.

నా ఏడు నిమిషాలను బాగుచేయించుకుందామని మా వైపు పట్నంలో ఒక అంగడికి తీసుకుపోయాను. అక్కడి కుర్రవాడు నా యంత్రం తెరిచి, తెలుగు దస్త్రాలూ తెలుగు అక్షరరూపాలూ చూసి, "ఈ తెలుగు ఫాంట్లన్నీ వేశారు గదండీ, అందుకే స్లో అయింది. అవి తీసేయండి. లేదంటే కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొత్తది కొనమన్నందుకు నాకు బాధలేదు. వాడి వ్యాపారం వాడిది. తెలుగు బరువన్న మాట మాత్రం ములుకులా దిగింది. ముప్ఫయి ఏళ్ళకు పైగా ఆ బరువు మోసి జీతం తీసుకున్నవాణ్ణి! ఇంటికి వచ్చి కాగితం ముందేసుకున్నాను.

తెలుగు కొంత చోటు ఎక్కువ తీసుకుంటుందన్నది నిజమే. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, మన ప్రతి సంకేతానికీ మూడు కావాలి. పైగా కంటికి ఒక్కటిగా కనబడే 'స్త్రీ'లో ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అంటే 18 బైట్లు. 'కార్త్స్న్యం' అని రాస్తే రెండక్షరాలకే 12 సంకేతాలు, 36 బైట్లు. వీటిని కూర్చి అక్షరంగా నిలబెట్టడానికి వ్యవస్థలో వేరే కంసాలి ఉండాలి. ఇదంతా ఒప్పుకుంటాను. ఇప్పుడు కవిత్రయ భారతం తీసుకోండి. 21 వేలకు పైచిలుకు గద్యపద్యాలు. ఒక్కొక్కదానికి సగటున నూరు అక్షరాలు, అక్షరానికి రెండున్నర సంకేతాలు, సంకేతానికి మూడు బైట్లు వేసుకున్నా మొత్తం 16 మెగాబైట్ల చిల్లర. నన్నయ తిక్కనలూ, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువున్న ఎర్రనా కలిసి రాసినది అంతా అంతే! తెలుగు ఫాంటు దస్త్రం మామూలుగా ఒకటి రెండు మెగాబైట్లు దాటదు. అదే నా యంత్రంలో ప్రకటనలతో కూడిన ఒక వార్తల పుట తెరిస్తే విహారిణి 300 మెగాబైట్లు పుచ్చుకుంటోంది. పద్దెనిమిది పర్వాల భారతం పద్దెనిమిది ప్రతులు పట్టే చోటు, ఒక్క పుటకు! బరువు ఎక్కడుందో ఆ కుర్రవాడికి కాగితం మీద చూపించాను. వాడు నవ్వి, "మీరు లెక్కల మాస్టారా సార్?" అన్నాడు.

వ్యవస్థల మార్పు అంటే తెలుగువాడు ఊరికే తిట్టిపోయడానికి లేదు కూడా. తొలినాళ్ళలో అంతర్జాలంలో తెలుగు రాసినవారు మరచిపోయి ఉండరు. విండోస్ 98లో యూనికోడు తెలుగు పుట తెరిస్తే చాలామందికి దక్కినవి గళ్ళూ, ప్రశ్నార్థకాలూ. విండోస్ 2000 దేవనాగరికీ తమిళానికీ పీట వేసింది గాని మనకు వేయలేదు. 2001లో ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. అది కూడా తనంతట రాదు: భాషల పలకలో సంక్లిష్ట లిపుల గడికి ఎదురుగా టిక్కు పెట్టాలి, వ్యవస్థ సీడీ అడుగుతుంది, ఆ సీడీ ఎవరిదగ్గరుందో వెతుక్కోవాలి. అది పెట్టిన మొదటి రోజున, అంతవరకు విడివిడిగా పడి ఉన్న ఒత్తులూ గుణింతాలూ తమతమ చోట్లలోకి సర్దుకుని నిలబడ్డాయి. అంతకు ముందు డీటీపీ ఫాంట్లలో తెరమీద తెలుగే కనబడేది గాని లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు. 'పత్తి' అని వెతికితే పత్తి దొరకదు. ఎక్స్‌పీ తర్వాత దొరికింది. ఆ రోజుల్లో 64 ఎంబీ యంత్రానికి మరో 64 కలిపి ఎక్స్‌పీ వేయించుకున్నవారు నాకు తెలుసు. ఆ ఎంబీలకు పెట్టిన డబ్బు దండగ అయిందని ఒక్కరూ అనలేదు. విండోస్ 7లో వాణి, ఆ తర్వాత నిర్మల వచ్చాయి. విండోస్ 10 నాటికి గౌతమి, వాణి అదనపు సరుకులయ్యాయి, కావాలంటే విడిగా దించుకోవాలి. వ్యవస్థ మారగానే పాత పత్రాల రూపు మారిపోయిందని కొందరు గాభరాపడింది అందుకే.

మరి నాకు ఏడు నిమిషాలతో వచ్చిన నష్టం ఏమిటి? రిటైరయినవాడికి తొందరేమిటని ఇంట్లో అడిగారు. 2021 ఫిబ్రవరిలో జరిగినది చెబుతాను. కోతల కాలంలో కర్నూలు జిల్లా ఆదోని వైపునుంచి మా ఊళ్ళకు కూలీలు కుటుంబాలతో వస్తారు, గుడారాలు వేసుకుని రెండు మూడు నెలలుంటారు. వారి మాట వేరు, మా మాట వేరు. నా పోగుకు అది పండుగ. ఒక పెద్దావిడ మధ్యాహ్నం అన్నాల వేళ మా అరుగు మీద కూర్చుని, మొదటి కోతకూ చివరి కోతకూ కాయకు పేరు ఎట్లా మారుతుందో చెబుతోంది. కాగితం మీద రాసుకుంటూనే ఉన్నాను. అందులో ఒక మాట, అంతకు రెండేళ్ళ ముందు ఒంగోలు వైపు ఒకావిడ వేరే అర్థంలో చెప్పినట్టు గుర్తు. ఆ పాత వివరం ఎదుట ఉంటే అడగవలసిన ప్రశ్న అడగవచ్చు. యంత్రం మీట నొక్కాను. కిరకిర. ఆమె కొంచెంసేపు చూసింది. "మీ పెట్టె లేసేలోపల రెండు సాళ్ళు కోసుకోనొస్తా సారూ" అని నవ్వి లేచి వెళ్ళింది. ఆమెది గంట లెక్క కాదు, కేజీల లెక్క కూలి. ఏడు నిమిషాలు ఆమెకు డబ్బు. మరునాడు ఆ చేను కోత ముగిసింది, వాళ్ళు మరో ఊరికి కదిలారు. దస్త్రంలో ఆ మాట ఎదుట ఈనాటికీ ప్రశ్నార్థకమే ఉంది. పదకోశంలో ఒక అర్థం తక్కువయితే దేశానికి వచ్చిన నష్టం ఏమీ లేదు. అయినా అలాంటి ప్రశ్నార్థకాలు ఇంకా రెండు పోగయిన తర్వాత నాకు సహనం పోయింది.

ఒకేసారి అన్నీ మార్చకుండా ఒక్కొక్కటే మార్చి చూశాను. అట్లా అయితేనే ఏది దేనికి మందో తెలుస్తుంది. ముందు ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేశాను. వ్యవస్థ 64 బిట్లది గనక ఆ అదనపు చోటు దానికి అందింది. 32 బిట్లదయితే దండగయ్యేది. ఆరంభ సమయం 7 నిమిషాల 10 సెకన్ల నుంచి 6 నిమిషాల 20 సెకన్లకు మాత్రమే తగ్గింది. నిరాశపడకండి. విహారిణి నుంచి పదాల దస్త్రానికి మారడం మళ్ళీ రెప్పపాటయింది. లారీలు ఆగాయన్నమాట. కాని పొద్దున్నే గిడ్డంగినుంచి సరుకంతా మొదటిసారి దించుకోక తప్పదు గదా, ఆ దించుకోవడం పాత డిస్కు వేగంతోనే. రెండు నెలల తర్వాత ఆ డిస్కు స్థానంలో 240 జీబీ ఎస్సెస్డీ పెట్టించాను. అదే విండోస్ 10, అదే ప్రాసెసరు: 48 సెకన్లు. మొత్తం ఖర్చు మూడువేల లోపు. కొత్తది కొనమన్న అంగడిలోనే పెట్టించాను, ఆ కుర్రవాడి చేతనే.

2025 అక్టోబరు వచ్చేసరికి నా యంత్రం వేగంగానే ఉంది, కాని పైవ్యవస్థకు అర్హం కాదు. భద్రతా నవీకరణలు లేని యంత్రంతో అంతర్జాలానికి వెళ్ళడం, తలుపులేని కొట్లో టిక్కీలు పెట్టడమే. లినక్స్ మింట్ వేసుకున్నాను, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. ఊరకే ఉన్నప్పుడు 800 ఎంబీ అటూ ఇటూ తీసుకుంటోంది. తెలుగు అక్షరాలను చక్కగా కూరుస్తోంది. ఇన్‌స్క్రిప్టు మీటలు పనిచేస్తున్నాయి. దేశికాచారిగారి పోతన అక్షరరూపం కూడా వేసుకున్నాను. చిక్కు ఒక్కటే. 2004కు ముందు డీటీపీ ఫాంట్లలో టైపు చేయించిన పుటలు నా దగ్గర నూట యాభైదాకా ఉన్నాయి. వాటిని యూనికోడులోకి మారిస్తే ఒత్తులు చాలాచోట్ల తారుమారవుతున్నాయి, చేత్తో సరిచూసుకోవలసిందే. ఆ పనికి ఏ వ్యవస్థా, ఎంత ర్యామూ అక్కరకు రావు.

సరిచూడడంలో ప్రస్తుతం 'తాలు' దగ్గర ఉన్నాను. వరికి తాలంటే పాలు పోసుకోని పొల్లు గింజ. మిరపకు తాలంటే రంగు విరిగి తెల్లబారిన కాయ. పత్తిలో, గులాబీరంగు పురుగు పట్టి విచ్చుకోని పూలను మా వైపు గుడ్డిపూలంటారు గాని, తీత అయ్యాక పక్కకు తీసే మచ్చ పత్తికి ఊరూరికీ ఒక పేరుంది. పర్చూరు, దర్శి, మార్కాపురం వైపు మిత్రులు మీ ఊళ్ళో ఏమంటారో తెలియజేస్తే దస్త్రంలో చేర్చుకుంటాను. ఏ ఊరి మాటో, ఎవరి నోట విన్నారో కూడా రాయగలరు.